దారి లేని చోట మాట అందాలంటే: ఆఫ్‌రోడ్ ప్రయాణాలకు వాకీటాకీ ఎంచుకునే విధానం

మారేడుమిల్లి ఘాట్‌లో, స్పితి లోయలో, జైసల్మేర్ ఇసుక దిబ్బల మధ్య మొబైల్ సిగ్నల్ ఒకేలా మాయమవుతుంది. నాలుగైదు బండ్లు కలిసి వెళ్లినప్పుడు ముందు బండి చూసిన గొయ్యి, ఎదురొస్తున్న లారీ, జారుతున్న బురద వెనకవాళ్లకు వెంటనే తెలియాలంటే రెండువైపులా మాట్లాడుకునే రేడియో తప్ప వేరే దారి లేదు. అయితే మన దేశంలో ఈ కొనుగోలు చాలామంది అనుకున్నంత తేలిక కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే సెట్లలో ఎక్కువ వాట్లు, ఎక్కువ కిలోమీటర్లు రాసి ఉన్నదే మంచిదని భావించి కొన్నవారు చట్టానికి విరుద్ధమైన వస్తువును, అదీ తమ అవసరానికి సరిపోనిదాన్ని, ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందువల్ల ఈ మార్గదర్శి వాట్లతో మొదలుకాదు. ముందు అనుమతి, తర్వాత మీ కాన్వాయ్ పొడవు, ఆ తర్వాతే సెట్టు.

మొదటి మెట్టు: ఏ ఫ్రీక్వెన్సీకి అనుమతి ఉందో తెలుసుకోవడం

భారతదేశంలో రేడియో తరంగాల వినియోగాన్ని కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే డబ్ల్యూపీసీ, నియంత్రిస్తుంది. సాధారణ పౌరుడు ఏ లైసెన్సూ లేకుండా వాడదగిన వాకీటాకీ పట్టీ (ఫ్రీక్వెన్సీల వరుస, అంటే బ్యాండ్) 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఇస్తూ 2018లో వచ్చిన నియమాలు దీనికి ఆధారం. ఐరోపాలో పీఎంఆర్446 అనే పేరుతో ఎప్పటినుంచో నడుస్తున్న పట్టీ ఇదే కాబట్టి పెట్టె మీద ఆ పేరు కనిపించవచ్చు. ఈ తరగతి సెట్ల శక్తి అర వాట్‌కు పరిమితం. యాంటెన్నా సెట్టుకే అతికించి ఉంటుంది, విప్పి వేరేది పెట్టుకోవడానికి వీలుండదు. 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో 16 ఛానళ్లు ఈ పట్టీలో ఇముడుతాయి. మొదటి ఛానల్ 446.00625 దగ్గర, పదహారోది 446.19375 దగ్గర ఉంటాయి. పాత సెట్లలో మొదటి 8 ఛానళ్లు మాత్రమే ఉంటాయి గనుక మిత్రుడి దగ్గరున్న పాత సెట్టుతో కలిపి వాడేటప్పుడు 8 లోపు ఛానల్‌నే ఎంచుకోవాలి.

లైసెన్సు మినహాయింపు ఉన్నంత మాత్రాన ఏ సెట్టయినా సరేనని కాదు. ఆ మోడల్‌కు డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ, అంటే పరికరపు రకానికి ఇచ్చే ఆమోదం, ఉండి తీరాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ఈ-కామర్స్ వేదికల మీద వాకీటాకీల అక్రమ అమ్మకాలను అరికట్టడానికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు జారీ చేసింది. కాబట్టి కొనే ముందు వివరాల పేజీలో రెండు విషయాలు వెతకండి: పనిచేసే ఫ్రీక్వెన్సీ, ఈటీఏ సంఖ్య. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆ పేజీ మూసేయడమే మంచిది. "లైసెన్సు అక్కర్లేదు" అని విక్రేత రాసిన ఒక్క వాక్యాన్ని రుజువుగా తీసుకోవద్దు.

ఇక్కడ మూడు రకాల సెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన కాన్వాయ్‌లలో కనిపించేవి, చర్చకు వచ్చేవి ఎక్కువగా ఇవే.

మొదటిది బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటి సెట్లు. చవకగా దొరుకుతాయి, నాలుగైదు వాట్ల శక్తి ఉంటుంది, 136 నుంచి 174 వరకూ, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకూ ఏ ఫ్రీక్వెన్సీనైనా మనమే ఎంచుకోవచ్చు. ఆ స్వేచ్ఛే దాని చిక్కు. పోలీసులు, ఇతర అత్యవసర సేవలు వాడే పట్టీలు కూడా ఆ పరిధిలోనే ఉన్నాయి. 446లో పెట్టుకుని వాడుతున్నాం కదా అన్న వాదన నిలవదు. మినహాయింపు ఫ్రీక్వెన్సీకి మాత్రమే కాక తక్కువ శక్తికి, ఆమోదం పొందిన పరికరానికి కూడా ముడిపడి ఉంది.

రెండోది అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇచ్చేవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే అన్నయ్య సెలవులకు వస్తూ జంట వాకీటాకీలు తేవడం మన ఇళ్లలో అరుదేమీ కాదు. అక్కడ ఎఫ్ఆర్ఎస్, జీఎంఆర్ఎస్ అనే సేవలకు కేటాయించిన 462, 467 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలలో అవి పనిచేస్తాయి. అక్కడ ఎఫ్ఆర్ఎస్‌కు లైసెన్సు అక్కర్లేదు, జీఎంఆర్ఎస్‌కు పరీక్ష లేని లైసెన్సు చాలు. ఇక్కడ ఆ మినహాయింపు వర్తించదు. పైగా 446 సెట్లతో అవి మాట్లాడలేవు కూడా. మొహమాటానికి తీసుకున్నా ప్రయాణానికి మాత్రం వాటిని తీసుకెళ్లకండి.

మూడోది 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్, అంటే సీబీ. మన దేశంలోనూ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఉంది. కానీ ఆ తరంగం పొడవు 11 మీటర్లు కావడంతో పావు తరంగపు యాంటెన్నా, అంటే తరంగం పొడవులో నాలుగో వంతుది, కూడా దాదాపు 2.75 మీటర్లు ఉండాలి. చేతిలో పట్టే సెట్టుకు అమర్చే పొట్టి యాంటెన్నా ఆ పట్టీలో బలహీనంగా పనిచేస్తుంది. విదేశీ జీపు వీడియోలు చూసి సీబీ రేడియో కోసం తపించేవారికి నా సలహా ఒక్కటే: ఆ ఆలోచన వదులుకోండి.

సరిహద్దు జిల్లాల్లో, మావోయిస్టు కార్యకలాపాలతో ముడిపడిన తూర్పు కనుమల అడవుల్లో, లద్దాఖ్‌లో వాకీటాకీ చేతిలో కనిపిస్తే భద్రతా సిబ్బంది ప్రశ్నించడం సహజం. కొనుగోలు రసీదు, ఈటీఏ నకలు ప్రతి బండిలోనూ ఉంచుకుంటే తనిఖీ నిమిషాల్లో ముగుస్తుంది. శాటిలైట్ ఫోన్ విషయంలో ఈ మాత్రం వెసులుబాటు కూడా లేదు. టెలికాం శాఖ అనుమతి లేకుండా తురయా, ఇరిడియం ఫోన్లను, గార్మిన్ ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ సందేశ పరికరాలను మన దేశంలో వాడకూడదు. వీటిని వెంట తెచ్చుకున్న విదేశీ పర్యాటకులు విమానాశ్రయాల్లో అదుపులోకి వెళ్లిన సందర్భాలున్నాయి.

రెండో మెట్టు: మీ కాన్వాయ్ పొడవును లెక్కగట్టడం

"ఎన్ని కిలోమీటర్లు అందుతుంది?" అన్నది దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న. అడగవలసింది మాత్రం "మా మొదటి బండికీ చివరి బండికీ మధ్య ఎంత దూరం ఉంటుంది?" అని. ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. ఆరు బండ్లు అనుకుందాం. రాళ్ల దారిలో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు బండికీ బండికీ 30 మీటర్ల ఎడం చాలు. మొత్తం 150 మీటర్లు. మట్టి రోడ్డు మీద దుమ్ము కళ్లు కప్పేస్తుంటే ఎడం 150 మీటర్లకు పెరుగుతుంది. ఐదు ఖాళీలకు 750 మీటర్లు. ఎడారిలో, దుమ్ము ఆగని చోట, కిలోమీటరు దాటవచ్చు. తారురోడ్డు మీద ఓవర్‌టేక్‌ల వల్ల కాన్వాయ్ చీలిపోయినప్పుడు మూడు నాలుగు కిలోమీటర్లకూ చేరుతుంది, కానీ అక్కడ సాధారణంగా ఫోన్ పనిచేస్తుంది కాబట్టి ఆ దూరం కోసం రేడియోను ఎంచుకోనక్కర్లేదు.

ఈ లెక్క పూర్తయ్యాక చాలామందికి తేలేది ఏమిటంటే, నిజంగా మాట అవసరమయ్యే చోట దూరం ఒక కిలోమీటరు లోపే ఉంటుంది. అది అర వాట్ సెట్టు అందుకోగల దూరమే. అంతకు మించి కావాలంటే ముందుగా మార్చవలసింది ప్రయాణ పద్ధతి: వెనక బండి కనిపించకపోతే మలుపు దగ్గర ఆగాలన్న నియమాన్ని అందరూ పాటిస్తే కాన్వాయ్ పొడవు దానంతట అదే కుదించుకుపోతుంది.

మూడో మెట్టు: వాట్లు, కిలోమీటర్ల మాయను దాటడం

పెట్టె మీద ముద్రించే 8 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న రెండు యాంటెన్నాల మధ్య, ఏ అడ్డూ లేని సమతల భూమి మీద, రేడియో దిగంతం, అంటే భూమి వంపు అడ్డురాకుండా తరంగం చేరగల దూరం, సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. చెట్టు, గుట్ట, ఇల్లు, చివరికి మీ బండి పైకప్పు కూడా ఆ లెక్కలో లేవు. ఎత్తైన కొండ మీది నుంచి మైదానంలోకి మాట్లాడితే ఆ దూరం వస్తుంది. తేయాకు తోటల మధ్య మలుపులో అందులో పదో వంతు రావడం కూడా గొప్పే.

శక్తి పెంచితే దూరం అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం మరో పొరపాటు. వాహనాల ఎత్తులో, నేలకు దగ్గరగా సాగే ప్రసారంలో దూరం పెరిగే కొద్దీ సంకేత బలం సుమారు నాలుగో ఘాతం లెక్కన పడిపోతుంది. ఆ లెక్క ప్రకారం అర వాట్‌ను 5 వాట్లు చేస్తే, అంటే శక్తిని పది రెట్లు పెంచితే, దూరం 1.8 రెట్లు మాత్రమే అవుతుంది. రెట్టింపు కూడా కాని ఆ లాభం కోసం చట్టాన్ని మీరి, బరువైన సెట్టు మోసుకుని, బ్యాటరీని తొందరగా ఖాళీ చేసుకోవడం అర్థం లేని పని. యాంటెన్నాను ఎత్తుకు చేర్చడం, దాని ముందు నుంచి అడ్డు తొలగించడం ఇంతకంటే ఎక్కువ ఫలితమిస్తాయి.

ప్రాంతాన్ని బట్టి కూడా అంచనా మారుతుంది. మారేడుమిల్లి అడవిలో వాన పడ్డాక తడిసిన ఆకులు 446 మెగాహెర్ట్జ్ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. 144 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు ఆకుల గుండా కొంత మెరుగ్గా వెళతాయి. ఇసుక దిబ్బల్లో రెండు దిబ్బల మధ్య పల్లంలో దిగిన బండికి పక్క పల్లంలోని మాట కూడా వినిపించకపోవచ్చు, కానీ ఒక మనిషి దిబ్బ కొన మీదికి సెట్టుతో ఎక్కితే అందరికీ వినిపిస్తాడు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో 21 మలుపుల గాటా లూప్స్ దగ్గర పరిస్థితి ఇంకో రకం: రోడ్డు కొలతలో బండ్లు ఎంతో దూరంగా ఉన్నా ఒకే కొండ వాలు మీద పైనా కిందా ఉండటంతో గాలిదూరం తక్కువే, మాట చక్కగా అందుతుంది. అదే కొండకు అవతలి వైపు తిరిగిన బండితో అర కిలోమీటరులోనే సంబంధం తెగిపోవచ్చు.

నాలుగో మెట్టు: సెట్టులో చూడవలసిన గుణాలు

డీజిల్ థార్‌లో అద్దాలు దించి, రాళ్ల మీద టైర్లు నలుగుతుంటే వినిపించని రేడియో ఎంత దూరం అందుకున్నా వృథా. అందువల్ల స్పీకర్ బిగ్గరతనాన్ని నేను అన్నిటికంటే ముందు చూస్తాను. దుకాణంలో శబ్దం ఎప్పుడూ బాగానే ఉంటుంది. కాబట్టి వీలైతే ఇంజన్ నడుస్తున్న బండిలో కూర్చుని వినండి. శబ్దం పెంచితే మాట చిట్లిపోయే సెట్టు కంటే కాస్త తక్కువ బిగ్గరగా ఉన్నా మాట స్పష్టంగా పలికే సెట్టు నయం.

తర్వాత మాట్లాడే మీట. అది పెద్దదిగా, తడిమితే తెలిసేలా ఉండాలి. చేతి తొడుగులు వేసుకుని నొక్కి చూడండి. ఛానల్ మీటకు తాళం ఉండటం తప్పనిసరి. కుదుపుల్లో ఛానల్ మారిపోయిన బండి తనకు తెలియకుండానే గుంపు నుంచి తప్పిపోతుంది, అందరూ బ్యాటరీ అయిపోయిందనుకుంటారు.

దుమ్ము, నీటి రక్షణకు ఐపీ అంకెలు చూడాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ67 అంటే దుమ్ము లోపలికి చొరబడదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఐపీ54 చిలకరింపులకు చాలు, వాగు దాటేటప్పుడు నీళ్లలో పడితే మాత్రం భరోసా లేదు. కోనసీమ బురదకూ జైసల్మేర్ ఇసుకకూ కలిపి ఒకే సెట్టు కొంటున్నట్లయితే ఐపీ67కు కొంచెం ఎక్కువ పెట్టడం తప్పు కాదు.

బ్యాటరీ గురించి ప్రకటనల్లో చెప్పే గంటలు సాధారణంగా 5-5-90 లెక్కలో వస్తాయి. అంటే నూటికి 5 వంతుల సమయం మాట్లాడుతూ, 5 వంతులు వింటూ, మిగతా 90 వంతులు ఊరకే ఉన్నట్లు. కష్టమైన దారిలో ఈ నిష్పత్తి తలకిందులవుతుంది గనుక ఆ గంటల్లో సగానికి సిద్ధపడండి. లద్దాఖ్ చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. రాత్రి సెట్టును బండిలో వదలకుండా దుప్పట్లో పెట్టుకోవడం మంచిది. కారు యూఎస్‌బీ నుంచి నేరుగా ఛార్జ్ అయ్యేదీ, అవసరమైతే సాధారణ ఏఏ లేదా ఏఏఏ సెల్స్‌తో కూడా నడిచేదీ దొరికితే అదే తీసుకోండి. ప్రత్యేకమైన ఛార్జింగ్ తొట్టి ఉన్న సెట్టు ఆ తొట్టి ఇంట్లో మరిచిపోయిన రోజున పనికిరాదు.

మాట వినగానే దానంతట అదే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ సదుపాయం ఆకర్షణీయంగా అనిపిస్తుంది. మోటార్‌సైకిల్ హెల్మెట్‌లో పనికొస్తుందేమో గానీ, డీజిల్ బండిలో ఇంజన్ రొదకే తెరుచుకుని ఛానల్‌ను అందరికీ మూసేస్తుంది. దానికి అదనపు డబ్బు ఇవ్వవద్దు.

ఐదో మెట్టు: ఎన్ని సెట్లు, ఎవరి చేతిలో

బండికి ఒకటి, దిగి దారి చూపించే మనిషికి (స్పాటర్) ఒకటి, అదనంగా ఒకటి. ఆరు బండ్లకు ఎనిమిది సెట్లు. స్పాటర్‌కు సెట్టు లేని కాన్వాయ్ సగం ప్రయోజనం కోల్పోయినట్లే. బండి కింద ఏ రాయి తగులుతోందో చూసేది అతనే కదా. అన్నీ ఒకే మోడల్ కొనడం మంచిది, కారణం ఏడో మెట్టులో వస్తుంది.

బండిలో సెట్టు ముందు సీటులోని సహప్రయాణికుడి దగ్గర ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ డ్రైవింగ్ చేస్తూ చేతిలో పట్టే సమాచార పరికరాలు వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది; ఫోన్ అని కాక "సమాచార పరికరాలు" అని ఉండటం వల్ల వాకీటాకీ కూడా దాని కిందికే వస్తుందని భావించడం క్షేమం. మాట్లాడేటప్పుడు సెట్టును గేరు దగ్గరి గుంటలో పడేయకుండా, నిలువుగా, కిటికీ అద్దం ఎత్తున పట్టుకోవాలి. 446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 67 సెంటీమీటర్లు కాబట్టి అది కిటికీల గుండా సులభంగా బయటపడుతుంది, కానీ తలుపు రేకును దాటలేదు.

ఆరో మెట్టు: కొన్న వెంటనే పరీక్షించడం

ముందుగా రెండే సెట్లు కొనండి. తిరిగి ఇచ్చే గడువు లోపల, రెండు బండ్లతో, వికారాబాద్ అనంతగిరి వంటి గుట్టల దారికి వెళ్లండి. అద్దాలు మూసి, ఏసీ ఫ్యాన్ పూర్తిగా పెట్టి, ఇంజన్ నడుస్తుండగా 200 మీటర్లు, 500 మీటర్లు, కిలోమీటరు దూరాల్లో ఒకరు రోడ్డు మీద కనిపించే బండ్ల నంబర్లు చదవాలి, రెండోవారు రాసుకోవాలి. "వినిపిస్తోందా?" అంటే ఎవరైనా "వినిపిస్తోంది" అనే అంటారు, నంబరు తప్పు రాస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. తర్వాత ఒక మలుపు దాటి మళ్లీ చేయండి. మీ లెక్కలో వచ్చిన కాన్వాయ్ పొడవు దగ్గర నంబర్లు సరిగా అందితే మిగతా సెట్లు తెప్పించవచ్చు.

ఏడో మెట్టు: ఛానల్, టోన్ కుదుర్చుకోవడం

సెట్లలో ప్రైవసీ కోడ్ అని పిలిచే టోన్లు ఉంటాయి. పేరు చూసి మోసపోవద్దు, అవి మీ మాటల్ని దాచవు. ఆ టోన్ లేని మాటలు మీ స్పీకర్‌లో వినిపించకుండా ఆపుతాయి, అంతే. అదే ఛానల్‌లో ఉన్న మరో గుంపు మీ మాట వినగలదు, మీ మాటకు అడ్డు కూడా రాగలదు. వేర్వేరు కంపెనీల సెట్లు కలిపి వాడేటప్పుడు టోన్ నంబర్లు కలిసినా ఫ్రీక్వెన్సీలు కలవకపోవచ్చు, ఎందుకంటే కొన్ని పట్టికల్లో 69.3 హెర్ట్జ్ మధ్యలో చేరి తర్వాతి నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి. సెట్టుతో వచ్చిన పుస్తకంలో టోన్ హెర్ట్జ్ విలువ చూసి కలపండి, లేదా టోన్ పూర్తిగా ఆపేయండి. అనుభవం లేనివాళ్లు ఎక్కువగా ఉన్న గుంపుకు రెండోదే సులువు.

మీట నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే మొదటి అక్షరాలు కోసుకుపోతాయి. "ఆగండి", "సాగండి" అన్న మాటలు రొదలో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఆపడానికి "స్టాప్, స్టాప్" అని రెండుసార్లు, కదలడానికి "రండి" అని ముందే నిర్ణయించుకోండి. ప్రధాన ఛానల్ పాడైతే అందరూ మారవలసిన రెండో ఛానల్‌ను ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డుకు అతికించండి.

ఎనిమిదో మెట్టు: అర వాట్ చాలదని తేలితే

గుంపులో ఇద్దరు ముగ్గురికి ఆసక్తి ఉంటే హామ్ రేడియో, అంటే అభిరుచి కోసం వాడే ఔత్సాహిక రేడియో, లైసెన్సు తీసుకోవడమే సరైన దారి. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు అందులో ఉంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు వీయూ3తో, జనరల్ గ్రేడ్‌కు వీయూ2తో మొదలయ్యే కాల్ సైన్, అంటే రేడియోలో చెప్పుకునే గుర్తింపు సంకేతం, ఇస్తారు. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో శిక్షణకు పేరున్న సంస్థ. లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కనుక వచ్చే వేసవి లద్దాఖ్ యాత్రకు ఇప్పుడే మొదలుపెట్టాలి.

లైసెన్సు వచ్చాక 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ పట్టీలో, పైకప్పు మీద సుమారు 50 సెంటీమీటర్ల పావు తరంగపు యాంటెన్నా బిగించిన వాహన రేడియో సెట్టుతో, అర వాట్ సెట్టు కలలో కూడా అందుకోలేని దూరాలు సాధ్యమవుతాయి. షరతులు మూడు. మాట్లాడే ప్రతి ఒక్కరికీ సొంత లైసెన్సు ఉండాలి. ఒకరి లైసెన్సు మీద కుటుంబమంతా మాట్లాడటం కుదరదు. వ్యాపార సంభాషణలకు వాడకూడదు కనుక డబ్బు తీసుకుని యాత్రలు నడిపేవారికి ఇది పనికిరాదు. వారు డబ్ల్యూపీసీ నుంచి సొంత అవసరాల ఫ్రీక్వెన్సీ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. మూడోది, హామ్ సెట్టుతో 446 పట్టీలోకి వెళ్లి మాట్లాడకూడదు. అందువల్ల మొదటి, చివరి బండ్ల మధ్య హామ్ సంబంధం ఉన్నా, మిగతా బండ్ల కోసం ఆ రెండింటిలోనూ 446 సెట్టు పక్కనే ఉండాలి.